నిప్పునకు నీటికి నడుమ

భోగినాడు తెల్లవారుజామున పాతవస్తువులను మంటలో వేయుట తెలుగునాట ఆచారము. విరిగిన కుర్చీకాళ్ళు, చివికిన తట్టలు, చెదలు తిన్న తలుపుచెక్కలు ఆ రోజున వాకిటికి చేరును. పారవేయదగినదేది, దాచుకొనదగినదేది అను విచారము ప్రతి ఇంటను కొన్ని దినములు ముందుగానే మొదలగును. పలనాటిలో పిడుగురాళ్ళకు దగ్గరనున్న ఒక ఊరిలో, ఒక విశ్రాంత ఉపాధ్యాయుని ఇంట, ఇటీవలి ఒక సంక్రాంతికి ముందు ఈ విచారము ఒక కారును గూర్చి జరిగెను. కారును భోగిమంటలో వేయలేరు. కాని పాత ఇనుము కొట్టువానికి ఇచ్చివేయవచ్చును కదా!

ఆ మాట అన్నవాడు హైదరాబాదులో ఉద్యోగము చేయుచు పండుగకు వచ్చిన కొడుకు. కాదన్నది అతని అక్కగారు. ఆమె జిల్లాపరిషత్తు ఉన్నత పాఠశాలలో గణితము బోధించును. తొమ్మిదవ తరగతి చదువుచున్న తన కూతురితో పుట్టింటికి వచ్చియున్నది. ఇంటి యజమానిని ఊరిలో అందరును మాస్టారనియే పిలుతురు. ముప్పది యేండ్లకు పైగా ఆయన భౌతికశాస్త్రము చెప్పిరి. ఆ వాదము జరిగినంత సేపు ఆయన నోరు మెదపలేదు.

కారు 1984 నాటి అంబాసిడరు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు కారును మాతృకగా గైకొని, హిందుస్థాన్ మోటార్సు వారు కలకత్తా సమీపమున ఉత్తరపారాలో 1950వ దశకము చివరి నుండి 2014 వరకు నిర్మించిన వాహనమిది. 1489 ఘనసెంటీమీటర్ల పెట్రోలు ఇంజను, నాలుగు సిలిండర్లు, పోత ఇనుముతో చేసిన బ్లాకు, దానిపై పోత ఇనుముతోనే చేసిన హెడ్డు. నేటి కార్లలో వలె దీనిలో కంప్యూటరు లేదు, విప్పుటకు ప్రత్యేక యంత్రములు అక్కరలేదు. బానెట్టు ఎత్తినచో లోపల మనుష్యుడు చేయి పెట్టుటకు చోటున్నది. పాత కారును ఇంటిలోనే బాగుచేసికొందమను ధైర్యమునకు ఆ చోటే మొదటి ఆధారము.

ధైర్యమునకు కారణము అవసరము కూడ. పదునైదేండ్లు దాటిన సొంత వాహనమునకు ఐదేండ్లకొకసారి నమోదును పునరుద్ధరించుకొనవలెను. ఆ గడువు జనవరి నెలాఖరుతో ముగియుచున్నది. ఊరిలోని మెకానిక్కు మాస్టారి వద్ద చదివినవాడే. "పండగ దాటేదాకా నా చేతిలో పది బళ్ళున్నాయండీ. పానాలు, టార్కు రెంచి కావాలంటే తీసుకెళ్ళండి" అని అతడు చెప్పెను. పనిముట్లు వచ్చినవి. పండుగ సెలవులలో చేతులును వచ్చినవి. పని ఆరంభమయ్యెను.

నాలుగు గుర్తులు

డిసెంబరు నెలలో ఒక రాత్రి మాస్టారు గుంటూరు నుండి ఒంటరిగా వచ్చుచుండగా సత్తెనపల్లి దాటిన పిమ్మట బానెట్టు సందుల నుండి ఆవిరి వెడలెను. ఎట్లో ఇల్లు చేరినారు. ఆ మరునాటి నుండి కారు స్వభావము మారిపోయెను. ఇంజను వణకుచు నడచును. సైలెన్సరు నుండి తెల్లని పొగ ఆగక వచ్చును. ఎక్కడను కారకయే రేడియేటరులోని నీరు తరుగును. ఇంజను ఆయిలు పోసెడి మూతను తీసి చూచినచో, దాని లోపలివైపున చిలికిన మజ్జిగ వంటి తెల్లని జిడ్డు కనిపించును.

ఈ నాలుగు గుర్తులును ఒక్క చోటికే దారి చూపును. మెకానిక్కు ఇచ్చిన మీటరుతో కొడుకు ఒక్కొక్క సిలిండరులోని సంపీడనమును కొలిచెను. మొదటిది, నాల్గవది బాగున్నవి. పక్కపక్కనున్న రెండవ, మూడవ సిలిండర్లలో మాత్రము ముల్లు సగము కూడ లేవలేదు. దూరదూరముగానున్న రెండు సిలిండర్లు చెడినచో కారణములు వేరు వేరు కావచ్చును. ఇరుగుపొరుగు రెండును ఒక్కసారి చెడినచో నడిమి గోడను అనుమానింపవలెను. ఆ గోడమీద పరచిన పలుచని పొరయే హెడ్ గ్యాస్కెట్టు.

గ్యాస్కెట్టు చూపులకు అల్పమైన వస్తువు. అంబాసిడరు ఇంజనులో బ్లాకునకు, దానిపై మూతవలె కూర్చుండు హెడ్డునకు నడుమ పరచు ఒక రేకు. దానికి నాలుగు పెద్ద గుండ్రని కన్నములు, చుట్టును అనేకమైన చిన్న కన్నములు. పెద్ద కన్నములలో పెట్రోలు మండును. ఆ జ్వాల వేడిమి ఒక్క క్షణము రెండువేల సెంటీగ్రేడు డిగ్రీలను మించును. వేలెడు దూరములోని చిన్న కన్నముల గుండ ఇంజనును చల్లబరచు నీరు ప్రవహించును. మరికొన్నింటి దగ్గర ఆయిలు పోవుచుండును. నిప్పు, నీరు, నూనె మూడును ఒకదాని పొరుగున ఒకటి పనిచేయవలెను. ఏ ఒక్కటియు మరియొక దాని ఇంటిలోనికి పోరాదు. ఆ రేకు చేయుపని అంతయు ఇదియే. అది నిలిచినంత కాలము ఎవరును దాని పేరు తలపరు. తెగిన నాడు మూడును కలిసిపోవును. నీరు సిలిండరులోనికి పోయి తెల్లని ఆవిరిగా వెలువడును, నూనెలో కలిసి మజ్జిగయగును. నిప్పులోని ఒత్తిడి పక్క సిలిండరులోనికి జారిపోయి ఇంజను బలము తగ్గును.

విప్పుట

విప్పుట సులభము, తిరిగి కూర్చుట కష్టము అని లోకము తలచును. నిజమునకు కూర్చుటలోని కష్టము విప్పుటలోని అజాగ్రత్త నుండియే పుట్టును. ఈ సంగతి ఎరిగిన గణితోపాధ్యాయిని మొదట ఒక నోటుపుస్తకమును తెరచెను. విప్పిన ప్రతి వస్తువునకు ఒక అంకె, ఒక చిన్న బొమ్మ. మరచెంబు మూతలలో, ఖాళీ మిఠాయి డబ్బాలలో నట్లు వేరువేరుగా చేరినవి. పుస్తకము వ్రాయు పని మనుమరాలిది.

బ్యాటరీ తీగను ముందుగా తొలగించిరి. చల్లబడిన ఇంజను నుండి నీటిని ఒక తొట్టెలోనికి దింపిరి. కార్బొరేటరు, పొగగొట్టముల కూర్పు, హెడ్డుపై రేకుమూత ఒకదాని వెనుక ఒకటి వచ్చినవి. హెడ్డును పట్టియుంచు నట్లు 11. వానిని ఒక్కసారిగా విప్పరాదు. బిగింపు క్రమమునకు వ్యతిరేకముగా, అంచుల నుండి నడిమికి, ఒక్కొక్క దానిని కొంచెము కొంచెముగా వదులు చేయుచు రావలెను. లేనిచో ఒక్కవైపు ఒత్తిడి ఉండిపోయి హెడ్డు వంకర తిరుగును.

వాల్వులను త్రోయు సన్నని కడ్డీలు ఎనిమిది. చూచుటకు అన్నియు ఒక్కటే. కాని ఏండ్ల తరబడి ఏ కడ్డీ ఏ చోట అరిగినదో, ఆ చోటనే దానిని తిరిగి ఉంచవలెను. మనుమరాలు అట్టపెట్టె మూతకు ఎనిమిది కన్నములు పొడిచి, అంకెలు వేసి, కడ్డీలను వరుసగా నిలువబెట్టెను. "తాతయ్యా, ఇవి అసెంబ్లీలో నిలబడ్డ పిల్లల్లా ఉన్నాయి. వరస తప్పితే మీరు ఊరుకోరు కదా!" అని నవ్వెను. మాస్టారు కూడ నవ్విరి.

హెడ్డు కదలలేదు. సందులో స్క్రూడ్రైవరు దూర్చి పెకలించుదమని కొడుకు అనెను. అక్కగారు వలదనెను. ఆ నునుపైన ముఖము మీద ఒక్క గాటు పడినచో కొత్త గ్యాస్కెట్టు కూడ నిలువదు. కొయ్యసుత్తితో చుట్టును మెల్లగా తట్టుచుండగా చివరకు సన్నని చప్పుడు వినవచ్చెను. అక్కాతమ్ములు చెరియొక వైపు పట్టి, బరువైన ఆ ఇనుప ముద్దను నిట్టనిలువుగా ఎత్తి, గోనెపట్టాపై దించిరి.

గ్యాస్కెట్టు అందరకు కనిపించెను. రెండవ, మూడవ సిలిండర్ల నడుమ, చిటికెన వ్రేలంత వెడల్పున అది కాలి తెగిపోయియున్నది. రెండవ పిస్టను పైభాగము మసి లేకుండ, తోమిన కంచమువలె శుభ్రముగా నుండెను. లోనికి దూరిన నీరు ఆవిరియై దానిని కడిగివేసినది.

మనుమరాలు ఆ పాత రేకును చేతిలోనికి తీసికొనబోగా తల్లి వారించెను. ఆ కాలపు గ్యాస్కెట్లలో రాగిరేకుల నడుమ ఆస్బెస్టాసును పెట్టెడివారు. నిప్పునకు కాలదు గనుకనే దానిని వాడినారు. దాని సన్నని ధూళి ఊపిరితిత్తులలో చేరినచో తీరని వ్యాధులు కలుగునని వైద్యశాస్త్రము పిమ్మట నిరూపించెను. అందుచేత దానిని పొడిగా గీకరాదు, గాలితో ఊదరాదు. ముఖములకు మాస్కులు కట్టుకొని, నీటితో బాగుగా తడిపి, అంటుకొనియున్న ముక్కలతో సహా తీసి, రెండు మందపు ప్లాస్టిక్ సంచులలో ఒకదానిలో ఒకటిగా మూటకట్టిరి.

సుద్దపరీక్ష

అసలు భయము గ్యాస్కెట్టును గూర్చి కాదు. దానిని కొనవచ్చును. హెడ్డునకు పగులు పట్టియున్నచో పని అక్కడితో ముగియును. ఈ కారునకు హెడ్లు దొరకుట ఇప్పుడు కష్టము. అప్పుడు కొడుకు మాటయే నెగ్గి కారు ఇనుము కొట్టునకు పోవును.

పగులును కనుగొనుటకు పాత పద్ధతి ఒకటి కలదు. శుభ్రపరచిన ఇనుము మీద కిరసనాయిలు రాయవలెను. అది కంటికి కనబడని పగుళ్ళలోనికి కూడ దూరును. కొంతసేపటికి పైభాగమును పొడిగా తుడిచి, సుద్దపొడిని పలుచగా పూయవలెను. పగులు ఉన్నచో లోపల దాగిన నూనె పైకి పాకి, తెల్లని సుద్దమీద నల్లని గీతగా బయటపడును. పాత సీసా అడుగున మిగిలిన కిరసనాయిలు దొరికెను. సుద్దముక్కలకు ఆ ఇంట కొరత లేదు.

సుద్ద పూసి అందరును వేచియుండిరి. అప్పుడు కూతురు అడిగెను: "నాన్నా, ఆ రాత్రి ఆవిరి వచ్చినప్పుడు బండి ఆపి చల్లారనిచ్చారా?"

మాస్టారు వెంటనే బదులు చెప్పలేదు. ఆయన చూపు సుద్ద మీదనే ఉండెను. కొంతసేపటికి ఇట్లనిరి:

"లేదమ్మా. చీకటి పడింది. ఇల్లు చేరాలన్న తొందర. మూత తీశాను, ఆవిరి ఎగజిమ్మింది. పక్కనున్న బోరింగు నుంచి చన్నీళ్ళు పట్టి, కాలుతున్న ఇంజనులో బిందెడు పోశాను. పోసి, మళ్ళీ నడిపాను. గ్యాస్కెట్టు పాతదై పోయిందని మీతో చెప్పాను. అది పాతదే. కాని పోగొట్టింది నేను."

ఎవరును మాటాడలేదు. వేడిగాజు గ్లాసులో చన్నీళ్ళు పోసినచో పగులునని, వేడిమికి లోహములు వ్యాకోచించునని, ఒకచోట చల్లబడి మరియొకచోట వేడిగానున్న ఇనుము వంగిపోవునని ఆయన ఎన్ని తరగతులకు చెప్పియుందురో లెక్కలేదు. ప్రయోగము తప్పినప్పుడు ఫలితమును దిద్దవద్దు, తప్పునకు కారణమును వ్రాయుమని విద్యార్థులను నిర్బంధించిన ఉపాధ్యాయుడాయన. తన వంతు వచ్చినప్పుడు నెలనాళ్ళు ఆ కారణమును దాచినారు.

వాకిటి నుండి భార్య అనెను: "మీ మోచేతి దగ్గర బొబ్బ చూసిన రోజే నాకు తెలుసు. సైలెన్సరు తగిలిందన్నారు. బండి కింద ఉండే సైలెన్సరు మోచేతికి ఎలా తగులుతుందండీ?"

మొదట నవ్వినది మనుమరాలు. పిదప అందరును నవ్విరి. మాస్టారు కూడ తలవంచుకొని నవ్విరి. అరగంట గడచినను సుద్దమీద ఏ గీతయు పడలేదు. హెడ్డు పగులలేదు.

నవ్వి ఊరకొనుటకు వీలులేని సంగతి ఇందులో ఒకటి కలదు. రేడియేటరు మూత కేవలము మూత కాదు. దానిలోని స్ప్రింగు నీటిని ఒత్తిడిలో ఉంచును. అందుచేతనే ఆ నీరు నూరు డిగ్రీలు దాటినను మరుగక ఆగియుండును. వంటింటి ప్రెషరు కుక్కరులోని సూత్రమే ఇదియు. వేడిమీద మూత తీసినచో ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి, నీరు క్షణములో ఆవిరియై ముఖము మీదికి ఎగయును. మాస్టారు మోచేతి బొబ్బతో బయటపడుట అదృష్టము. ఇంజను చల్లారువరకు వేచియుండుట తప్ప అక్కడ చేయదగిన పని మరియొకటి లేదు.

గార

పగులు లేకున్నను వంపు ఉండెను. నిటారైన ఉక్కుబద్దను హెడ్డు ముఖముపై ఐమూలగా ఆనించి చూడగా నడుమ పలుచని రేకు దూరినది. కొడుకు దానిని గోనెసంచిలో చుట్టి, మేనకోడలితో ఆర్టీసీ బస్సులో గుంటూరు పోయి, లేతు పనివారి చేత ఆ ముఖమును చదును చేయించి, కొత్త గ్యాస్కెట్టుతో మరునాటి సాయంత్రమునకు తిరిగి వచ్చెను.

ఈ లోపల ఇంటి వద్ద అసలు ప్రశ్న మిగిలియుండెను. మాస్టారు చన్నీళ్ళు పోసినది ఆవిరి వచ్చిన తరువాత. ఆవిరి రావలసిన పనియేమి? కార్యమును సరిదిద్ది కారణమును విడిచిపెట్టినచో, కొత్త రేకు కూడ పాతదాని దారినే పోవును.

కారణమును చూపినది మాస్టారి ముసలితల్లి. రేడియేటరు పైగొట్టమును విప్పి వాకిట పెట్టియుండగా, ఆమె చేతికర్ర ఆనించుకొని వంగి లోపలికి చూచెను. "ఇదేమిటిరా, మన నీళ్ళకాగు అడుగులా గార కట్టింది!" అనెను.

పలనాటి నేల సున్నపురాతి నేల. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు ప్రసిద్ధి. ఆ రాతి పొరల గుండ ఊరి బావికి, బోరునకు వచ్చు నీరు సున్నమును తనలో కరిగించుకొని వచ్చును. దీనినే కఠినజలమందురు. అట్టి నీరు కాగినప్పుడు కరిగియున్న కాల్షియం బైకార్బనేటు విడిపోయి, కరగని కాల్షియం కార్బనేటుగా గోడలకు అంటుకొనును. కాగు అడుగున తెల్లగా కట్టునది అదియే. గార ఇనుమువలె, రాగివలె వేడిని బయటికి పోనీయదు. రేడియేటరులోని సన్నని గొట్టములలో అది పేరుకొన్నకొలది దారి ఇరుకగును, నీటి ప్రవాహము తగ్గును, వేడి లోపలనే నిలుచును. మాస్టారు ఏండ్ల తరబడి ఇంటి బోరునీటితోనే రేడియేటరు నింపుచు వచ్చిరి. పదవ తరగతికి కఠినజల పాఠమును కూడ ఆయనయే చెప్పెడివారు!

"కాగుకైతే చింతపండు పెట్టి తోముతాం" అనెను తల్లి. చింతపండు పులుపులోని ఆమ్లము కార్బనేటును కరగించును. రేడియేటరు రాగి ఇత్తడులతో చేసినది గనుక ఘాటైన ఆమ్లము పనికిరాదు. నిమ్మ ఉప్పును వేడినీటిలో పలుచగా కలిపి పోసి నిలువ ఉంచిరి. బుడగలు వచ్చినవి. తిరిగి తిరిగి మంచినీటితో కడుగగా తెల్లని బురద దిగెను. నాల్గవ కడుగునకు నీరు ధారగా పారెను. ఇకమీదట బోరునీరు పోయరాదనియు, శుద్ధజలమునకు తుప్పుపట్టనీయని కూలెంటు కలిపి పోయవలెననియు నోటుపుస్తకములో ఒక పంక్తి చేరెను. ఆ పంక్తి క్రింద మనుమరాలు "తాతమ్మ కనిపెట్టింది" అని వ్రాసెను.

ముగ్గు క్రమము

భోగికి ముందునాడు కూర్పు ఆరంభమయ్యెను. బ్లాకు ముఖమును తుడిచి తుడిచి అద్దమువలె చేసిరి. సిలిండర్లలో కుక్కిన గుడ్డలను లెక్కపెట్టి తీసిరి. కొత్త గ్యాస్కెట్టు మీద ఏది పైవైపో, ఏది ముందువైపో తెలుపు మాటలు అచ్చయియున్నవి. మనుమరాలు వానిని రెండుమారులు బిగ్గరగా చదివెను. తిరుగవేసినచో నీటి కన్నములు మూసికొనిపోవును. హెడ్డు మెల్లగా దిగి తన చోట కూర్చుండెను.

పదకొండు నట్లను బిగించుట ఈ పని అంతటికిని ప్రాణము. ఇందులో రెండు నియమములు. మొదటిది క్రమము. నడిమి నట్టుతో మొదలిడి, ఇటొకటి అటొకటిగా అంచులకు పోవలెను. పాఠ్యపుస్తకమునకు అట్టవేయునప్పుడు కాగితమును నడిమి నుండి అంచులకు నిమిరినచో ముడుత పడదు; అంచులు ముందు అంటించినచో నడుమ ఉబ్బు మిగులును. గ్యాస్కెట్టుకును ఇదియే న్యాయము. రెండవది మితము. ఏ నట్టును ఒక్క ఊపులో పూర్తిగా బిగింపరాదు. అన్నింటిని కొంచెము, తరువాత అన్నింటిని సగము, పిదప అన్నింటిని పూర్తిగా.

మాస్టారి భార్య వాకిట ముగ్గు వేయుచుండెను. క్రమమును మరచిపోకుండుటకై, ఇంజను మీద నట్లు ఉన్నట్లే నేలమీద 11 చుక్కలు పెట్టి ప్రక్కన అంకెలు వేయుమని కూతురు కోరెను. ఆమె పెట్టి, కొంతసేపు చూచి, "ఇందులో వింతేముంది? నడిమి వరస పెట్టాకే కదా అటూ ఇటూ తగ్గించుకుంటూ పోతాం" అనెను.

టార్కు రెంచిని మాస్టారే పట్టిరి. ఆ సాధనము నట్టుపై పడు తిప్పుడు బలమును కొలుచును. బలమును, పిడి పొడవును హెచ్చవేసినచో వచ్చునది భ్రామకము. పిడి రెండింతలైనచో సగము బలముతోనే అదే ఫలితము కలుగును. ఈ సూత్రమును ఆయన నల్లబల్లపై వేనవేలసార్లు వ్రాసియుందురు. కాని రెండవ సుట్టులో ఆయన చేయి వణకెను. ముల్లు నిలువలేదు. ఇంకొకసారి ప్రయత్నించిరి. పిమ్మట రెంచిని కూతురి చేతికిచ్చి, "నువ్వు లాగమ్మా, నేను అంకెలు చెబుతాను" అనిరి. చుక్కల ముగ్గును చూచుచు ఆయన అంకె చెప్పుట, ఆమె లాగుట, కొడుకు ముల్లును గమనించి "చాలు" అనుట, మనుమరాలు పుస్తకములో గురుతు పెట్టుట. మూడు సుట్లు, ముప్పదిమూడు గురుతులు.

పిదప వాల్వుల సందును సరిచూచు పని. అంగుళములో వేయింట పదునైదు వంతులు సందు ఉండవలెను. దానికి ఈ ఇంజనులో ఒక చక్కని లెక్క కలదు. ఎనిమిది వాల్వులకు ముందు నుండి వరుసగా అంకెలు వేసికొని, ఏ వాల్వు పూర్తిగా తెరచుకొనియున్నదో చూచి, దాని అంకెను తొమ్మిది నుండి తీసివేసినచో సందు చూడవలసిన వాల్వు తెలియును. ఎనిమిదవది తెరచియున్నప్పుడు మొదటిది, ఆరవది తెరచియున్నప్పుడు మూడవది, నాల్గవది తెరచియున్నప్పుడు ఐదవది. తీసివేత నేర్చిన బిడ్డ ఎవరైనను ఈ పనిలో పాలుపంచుకొనవచ్చును. మనుమరాలు అంకెలు పలుకుచుండగా పని అరగంటలో ముగిసెను. నీరు కలిసి చెడిన ఆయిలును పారబోసి కొత్తది నింపిరి.

భోగి, కనుమ

భోగినాడు ఇంకను చీకటి ఉండగనే వాకిట మంట వేసిరి. సంచిలోని పాత గ్యాస్కెట్టును కూడ అందులో పడవేయుదమా అని మనుమరాలు అడిగెను. కాలనిదానిని మంటలో వేసి ప్రయోజనమేమి? ధూళి మాత్రము లేచును. ఆ మూట అట్లే కట్టియుండవలెనని తల్లి చెప్పెను.

తెల్లవారిన పిమ్మట బ్యాటరీ తీగను తగిలించి కొడుకు తాళము త్రిప్పెను. ఇంజను రెండుమారులు మూలిగి, మూడవమారు అందుకొనెను. సైలెన్సరు నుండి తెల్లని పొగ వెడలెను. అందరి ముఖములును మారినవి. అది గొట్టములో మిగిలిన తడియే కావచ్చును, కాకపోవచ్చును. వేచియుండుట తప్ప వేరు ఉపాయము లేదు. ఐదు నిమిషములకు పొగ పలుచనయ్యెను. పది నిమిషములకు మాయమయ్యెను. నాలుగు సిలిండర్ల చప్పుడు ఒక్క తీరుగా, నూలు వడికినట్లు వినిపించెను. ముసలమ్మ వసారాలో కూర్చుండి, "ఇప్పుడు దగ్గు తగ్గింది" అనెను.

పని అంతటితో ముగియలేదు. కొత్త రేకు వేడికి, ఒత్తిడికి కొంత అణగును. అందుచేత ఇంజను ఒకసారి బాగుగా వేడెక్కి, పూర్తిగా చల్లారిన తరువాత నట్లను అదే క్రమములో మరల సరిచూడవలెను. కొన్ని వందల కిలోమీటర్లు నడచిన పిదప ఇంకొకసారి. కనుమనాడు కాకి కూడ కదలదని సామెత. కారును కదలలేదు. చల్లని ఇంజను మీద రెండవ బిగింపునకు అంతకంటె తగిన దినము లేదు. ఆ పూట రెంచిని మనుమరాలు పట్టెను. తల్లి ఆమె వెనుక నిలిచెను.

ముక్కనుమనాడు మాస్టారు, కూతురు, మనుమరాలు సత్తెనపల్లి వరకు పోయి వచ్చిరి. ఆవిరి వచ్చిన చోట మాస్టారు కారు ఆపిరి. బానెట్టు ఎత్తి చూచిరి, మూత మాత్రము ముట్టలేదు. అంతయు సవ్యముగా నుండెను. ఇల్లు చేరిన పిమ్మట ఆయన నోటుపుస్తకమును అడిగి తీసికొని, మొదటి పుటలో విడిచియున్న ఖాళీని పూరించిరి. "లోపము" అనుచోట "హెడ్ గ్యాస్కెట్టు" అని మనుమరాలు మొదటిదినమే వ్రాసియుంచినది. "కారణము" అనుచోట ఎవరును ఏమియు వ్రాయలేదు. ఆయన రెండు పంక్తులు వ్రాసిరి: "1. కఠినజలము వాడుట. 2. వేడి ఇంజనులో చన్నీళ్ళు పోయుట." క్రింద తన సంతకము చేసి, తేదీ వేసిరి.

ఇప్పుడు ఆ పుస్తకము కారులోనే ఉన్నది. తిరిగి బిగింపవలసిన దినము అందులో ఉగాదిగా గుర్తింపబడియున్నది. నాటికి అందరును మరల రావలెనని ఆ ఇంట అనుకొన్నారు.